గ్రాములన్న

ఉగాది దగ్గరపడే కొద్దీ కర్నూలు రోడ్ల మీద ఎర్రటి ఎండలో కన్నడ పాదయాత్రికులు కనిపిస్తారు. రాయచూరు, బళ్ళారి, బాగలకోట వైపు నుంచి మల్లన్నను వెతుక్కుంటూ శ్రీశైలానికి నడిచిపోయే జనం. భ్రమరాంబ వాళ్ల ఇంటి ఆడబిడ్డ, మల్లన్న అల్లుడు. ఆ వరస ప్రకారం పండక్కి చీరెసారె పట్టుకొని బయల్దేరతారు. సరిగ్గా అదే సమయంలో టీకొట్ల దగ్గర ఇంకో రకం మనిషి తేలతాడు. ఆ పోయేవాళ్ల మూటల వైపు జాలిగా చూసి, "చూడబ్బా, ఎంత అశాస్త్రీయంగా మోస్తుండారో" అని నిట్టూరుస్తాడు. ఆయనే గ్రాములన్న.

గ్రాములన్న అంటే ఒక్క మనిషి కాదు, అదొక ఉద్యోగం. జీతం ఉండదు, సెలవూ ఉండదు. కర్నూలు వెంకటరమణ కాలనీలో ఒకాయన ఉంటాడు. నంద్యాలలో ఇంకొకాయన. ప్రొద్దుటూరు రకం మరీ ప్రమాదం, ఎందుకంటే అక్కడ వీధి దాటితే బంగారు కొట్టు, మిల్లీగ్రాముల దాకా తూచే త్రాసు. హైస్కూల్లో ఆటల సారో, ఎల్‌ఐసీ ఏజెంటో, బెంగళూరు కంపెనీకి ఇంట్లోంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ అల్లుడో అయ్యుంటాడు. పెండ్లికి పోయినా ఎనిమిది జేబుల ప్యాంటే. చేతిగడియారంలో ఎత్తు, దిక్కు, గాలి ఒత్తిడి అన్నీ ఉంటాయి. టైము మాత్రం మనల్ని అడుగుతాడు.

"యాడికో నడిచిపోతాండావంట?"

"అవునన్నా, వెంకటాపురం మీద శ్రీశైలానికి."

"సంచి ఎంతుంటాది?"

"ఏముందన్నా, రెండు జతల గుడ్డలు, ఒక దుప్పటి."

"అట్ల కాదబ్బా. గ్రాముల్లో చెప్పు."

అక్కడ దొరికిపోతాం. ఇక ఉపన్యాసం. తిండి, నీళ్లు, పొయ్యి నూనె తీసేస్తే మిగిలిన సామాను బరువును బేస్ వెయిట్ అంటారట. అది పది పౌండ్లు, అంటే నాలుగున్నర కిలోల లోపల ఉంటేనే అమెరికాలో మనిషిని మనిషిగా లెక్కపెడతారట. మన తాతలు సద్దిమూట, సొరకాయ బుర్ర తగిలించుకొని అహోబిలానికి నడిచినప్పుడు వాళ్ల బేస్ వెయిట్ ఎంతో పాపం ఎవరూ తూకం వేయలేదు.

ఆ నాలుగున్నర కిలోల కోసం గ్రాములన్న పడే తపన చూడాలి. పండ్ల బ్రష్షు పిడిని సగానికి కోస్తాడు. చొక్కాల మెడ దగ్గరి లేబుళ్లు కత్తిరిస్తాడు. సబ్బును నాలుగు ముక్కలు చేసి ఒక ముక్కే తీసుకుంటాడు. వంటింటి త్రాసు ఆయన సంచి పక్కకు కాపురం మార్చి చాలా కాలమైంది. ఇల్లాలు చింతపండు చేత్తో అంచనా వేసి పులుసు పెడుతోంది. ఒకనాడు ఆమె నా ముందరే అనేసింది: "ఆ బొజ్జ రెండు కిలోలు తగ్గిస్తే బ్రష్షుకు పిడన్నా మిగుల్తాది కదా." గ్రాములన్న వినపడనట్టు కాగితం మీద సాక్సుల బరువు రాసుకున్నాడు.

ఇంత కోసి, కత్తిరించి, ఒక మూడొందల గ్రాములు మిగిలించుకున్నాక ఆయన వెంకటాపురం చేరతాడు. అడవి మొదలయ్యేది అక్కడ. సీసాలు నింపుకుంటాడు. నాలుగు లీటర్లు, అంటే నాలుగు కిలోలు. బ్రష్షు పిడి, లేబుళ్లు, సబ్బు ముక్కలు అన్నీ ఆ ఒక్క చోట మునిగిపోతాయి. టైటానియం గ్లాసు వచ్చింది, గాలి నింపుకునే దిండు వచ్చింది గానీ నీళ్లకు తేలిక మోడల్ ఇంకా ఏ కంపెనీ తేలేదు. తూకాల శాస్త్రం రాసినవాళ్లు వాగుల పక్కన నడిచి రాసినట్టున్నారు. ఫాల్గుణంలో నల్లమలకు వస్తే తెలిసేది. ఎండలో ఎగువకు ఎక్కే మనిషికి గంటకు అరలీటరు నుంచి లీటరు దాకా కావాలి. వెంకటాపురం నుంచి గుడి దాకా సుమారు 40 కిలోమీటర్లు. నాగలూటి, పెద్దచెరువు, మఠంబావి, భీమునికొలను, అక్కణ్ణుంచి కైలాసద్వారం. ఆ పేర్లు చూడండి. లూటి సంగతి నాకు తెలీదు గానీ చెరువు, బావి, కొలను. ఆ దారి పేర్లు పెట్టినవాళ్లకు దప్పికైన సంగతి పటం చూస్తేనే తెలిసిపోతుంది. యాత్ర రోజుల్లో ట్యాంకర్లు, చలివేంద్రాలు ఉంటాయి కాబట్టి సరిపోయింది.

నిజం చెప్పాలంటే నీళ్ల విషయంలో గ్రాములన్న చెప్పేది అక్షరాలా వినదగిందే. "సీసాలో మోయొద్దబ్బా, కడుపులో మొయ్యి" అంటాడు. నీళ్లున్న చోట నిలబడి కడుపునిండా తాగి, తర్వాతి నీళ్ల దాకా చాలినంతే పోసుకోవాలి. మబ్బులోనే లేచి నడక మొదలుపెట్టి పదిగంటలకు చెట్టు కింద చేరాలి. మళ్లీ ఎండ వాలినాకనే లేవాలి. చీకటి పడ్డాక గుంపు వదలకూడదు, అది పులులు తిరిగే నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వు. ఉత్త నీళ్లే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు తగ్గి కళ్లు తిరుగుతాయి, కాబట్టి ఓఆర్ఎస్ ప్యాకెట్లు. అవి లేకుంటే లీటరు నీళ్లకు ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. ఇవన్నీ ఐదు నిమిషాల్లో చెప్పేవే. ఆయన గంటన్నర చెప్తాడు, టీ డబ్బులు మనతో ఇప్పిస్తాడు.

పొయ్యి విషయంలో మాత్రం నవ్వొస్తుంది. అరచేతిలో ఇమిడే మడతపొయ్యి ఒకటి తెప్పించాడు. ఇరవై అయిదు గ్రాములు. దాన్ని ఎవరికి చూపించినా ముందు చేతులు కడుక్కోమంటాడు. ఎండుటాకులు మోకాలి లోతు పడుండే కాలంలో అభయారణ్యంలో నిప్పు రాజేస్తే నేరం. కాబట్టి ఆ పొయ్యి ఇప్పటిదాకా వెలిగింది ఆయన మేడ మీదే. కన్నడ అవ్వల దగ్గర ఈ బాధ లేదు. ఎండబెట్టిన జొన్నరొట్టెలు అప్పడాల్లాగ పెళపెళలాడతాయి, రోజుల తరబడి చెడవు. చెనిక్కాయల పొడి చల్లుకుంటే భోజనం. విదేశాల నుంచి వచ్చే వేడినీళ్లు పోసుకునే ప్యాకెట్టు పులావుకు గ్రాములన్న కట్టిన ధరకు ఆ అవ్వ ఏడాది జొన్నలు కొంటుంది.

ఆయనకు ఇష్టమైన పూర్వికుడు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్ ఉద్యోగం చేసిన ఈయన 1830 మే 18న కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. కడప మీదుగా వచ్చి, అహోబిలం చూసుకొని, ఆత్మకూరు దగ్గర అడవిలో దిగి, ఇదే నాగలూటి, ఇదే పెద్దచెరువు దారిన శ్రీశైలం ఎక్కాడు. దిగిన ప్రతి మజిలీలో నీళ్లెట్లున్నాయి, అంగళ్లున్నాయా, దిగడానికి చోటుందా అని రాసిపెట్టాడు. 1838లో అచ్చయిన ఆయన 'కాశీయాత్ర చరిత్ర' చదువుతుంటే తెలుగులో మొదటి గ్రాములన్న ఈయనేనేమో అనిపిస్తుంది. అయితే మా గ్రాములన్న గౌరవం వేరే కారణానికి. వీరాస్వామయ్య వెంట వందమంది దాకా పరివారం, డేరాలు, బోయీలు. ఆయన పల్లకీలో. "అంటే భుజం మీద బరువు?" అని అడిగాను. "సున్నా గ్రాములు" అన్నాడు భక్తిగా.

అక్కమహాదేవి ప్రస్తావన వస్తే మాత్రం ఈ లెక్కలు ఆగిపోతాయి. 12వ శతాబ్దంలో ఆ తల్లి కట్టుబట్ట కూడా వదిలి ఈ కొండ చేరిందని చెప్తారు. గ్రాములన్న లెంపలేసుకొని మాట మారుస్తాడు.

కడప జిల్లా రకం గురించి రెండు ముక్కలు. వీళ్లది గండికోట. పెన్నా లోయ అంచున గుడారం వేసి పొద్దు పొడిచేది చూడాలని కుర్రకారు వస్తారు కదా, వాళ్లను జమ్మలమడుగులోనే పట్టుకుంటారు. గుడారం మేకుల గురించి వీళ్లు చెప్పేది వినాల్సిందే. గండికోటలో మేకు దిగదు. అది క్వార్ట్‌జైట్ బండ, సుత్తి వంగుతుంది గానీ అది ఒప్పుకోదు. తాళ్లను పెద్ద రాళ్లకు చుట్టి కట్టుకోవాలి. లోయలోంచి రాత్రి గాలి లేస్తుంది గనుక గుడారం వాకిలి లోయ వైపు పెట్టకూడదు. నడిరేయి నిద్రకళ్లతో లేచే అలవాటున్నవాళ్లు అంచుకు చాలా దూరం పడుకోవాలి, కింద సుమారు 300 అడుగుల లోతు. పొద్దున బూటు దులపకుండా కాలు పెట్టకూడదు, తేలు ముందే అద్దెకు దిగి ఉంటుంది. పగలంతా కాగిన బండ రాత్రి పది దాకా పెనమే కాబట్టి కింద పరచడానికి మందమైనది ఏదైనా కావాలి.

ఆ మందమైనదాని కోసమే ఒక గ్రాములన్న తొమ్మిదివేలు పోసి గాలిపరుపు తెప్పించాడు. మడిస్తే నీళ్లసీసాలో సగం. గండికోటలో పరచి, ఊది, దాని మీద కూచొని చుట్టూ చూశాడో లేదో సుయ్యిమంది. పల్లేరుకాయ. బరువు గ్రాము కూడా ఉండదు. తూకంలో ఆయన్ను ఓడించిన వస్తువు నేను చూసింది అదొక్కటే. పక్కన గొర్రెలు తోలుకొచ్చిన కురుబాయన అదే నేల మీద కంబళి పరచుకొని గురక పెడుతున్నాడు. వాన వస్తే అదే కొప్పెర, ఎండకు అదే నీడ, చలికి అదే దుప్పటి. ఆయన లేచేదాకా గ్రాములన్న కాచుకొని కూచొని, "ఇది ఎంత తూగుతాదన్నా?" అని అడిగాడు. కురుబాయన అనుమానంగా చూసి కంబళిని చంకలో పెట్టుకున్నాడు. "ఇది అమ్మేది కాదు సామీ."

ఇట్లాంటివి చెప్పి ఏడిపించబోతే గ్రాములన్న దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉంది: అమెరికా అవ్వ. ఎమ్మా గేట్‌వుడ్ అని, పదకొండు మంది బిడ్డల తల్లి. 1955లో, 67 ఏళ్ల వయసులో, అపలాచియన్ దారి పొడవునా జార్జియా నుంచి మెయిన్ దాకా ఒంటరిగా నడిచింది. సుమారు 3,300 కిలోమీటర్లు. గుడారం లేదు. కాలికి గుడ్డ బూట్లు, భుజాన తానే కుట్టుకున్న సంచి, అందులో ఒక కంబళి, వానకు స్నానాలగది ప్లాస్టిక్ తెర. "చూసినావా, తక్కువ బరువు మహిమ!" అంటాడు. ఆ మాట అంటుండగానే టీకొట్టు ముందర నుంచి అదే వయసు కన్నడ అవ్వ ఒకామె, అదే సైజు మూటతో, రబ్బరు చెప్పులేసుకొని పోతుంటుంది. ఆమెను చూసి మాత్రం "అశాస్త్రీయం" అంటాడు. అవ్వకు పాస్‌పోర్టు లేకపోవడమే లోపం. ఒకసారి ట్రెక్కింగ్ కర్రల మహత్యం మీద ఉపన్యాసం నడుస్తుండగా కర్రకాళ్ల మీద నడిచే భక్తుడొకడు ఆ రోడ్డునే తాపీగా పోయాడు. గ్రాములన్న మధ్యలో ఆపేసి టీ చెప్పాడు. ఆ ఒక్కసారే డబ్బులు ఆయన ఇచ్చాడు.

మొన్న ఉగాదికి గ్రాములన్న నిజంగానే బయల్దేరాడు. ఆయన నడవడని ఊళ్లో అనేవాళ్లున్నారు, అది అన్యాయం. నడుస్తాడు, బాగా నడుస్తాడు. నాగలూటి దగ్గర వీరభద్రుడి గుడి పక్కన కూచొని, కాలి బొబ్బకు పట్టీ కోసమని సంచి విప్పి సామాన్లన్నీ గుడ్డ మీద వరసగా పేర్చుకున్నాడు. ఒక అవ్వ వచ్చి ఎదురుగా గొంతుక్కూచుంది. అన్నీ ఒకసారి కలయజూసి, "ఏన్ మార్తీయప్పా?" అంది. ఏమి అమ్ముతున్నావని. గ్రాములన్న అమ్మడం లేదని చెప్పేలోపే ఆమె పాదం ముందుకు చాపింది. మడమ పగిలి నెత్తురు. ఇంకేం చేస్తాడు. కడిగి, ఆరబెట్టి, వాజలీన్ రాసి, పట్టీ వేసి, తన సాక్సులు తొడిగాడు. తలెత్తి చూస్తే వరస. నాగలూటిలో పట్టీలు, పెద్దచెరువులో ఓఆర్ఎస్ ప్యాకెట్లు, మఠంబావి దగ్గర టార్చి, గొడుగు. తాడు ఎవరో మూట కట్టుకోవడానికి పట్టుకుపోయారు. బదులుగా జొన్నరొట్టెలొచ్చాయి, వాటిని అక్కడికక్కడే తినేశాడు. భీమునికొలను నుంచి కైలాసద్వారానికి నిట్టనిలువు ఎక్కుడు. ప్రోలయ వేమారెడ్డి కాలం నాటివని చెప్పే ఆ మెట్లను ఖాళీ సంచితో ఎక్కుతుంటే ఊపిరి బాగా ఆడిందట.

ఇంటికి రాగానే స్నానం కూడా చెయ్యకుండా సంచిని త్రాసు మీద పెట్టాడు. రెండు కిలోల ఎనిమిది వందలు. వీధంతా ఫోన్లు. "పద్ధతి పనిచేసిందబ్బా! అమెరికా వాళ్లు కూడా ఇంత దించలేదు!" వంటింట్లోంచి, "నా స్టీలు గ్లాసేదీ?" అని వినిపించింది. సమాధానం రాలేదు.

ఇప్పుడు టీకొట్టు దగ్గర సిద్ధాంతం మారింది. బరువు ఇంటి దగ్గర తగ్గించుకోకూడదంట, నాగలూటిలోనే తగ్గించుకోవాలంట. అందుకని ఇప్పట్నుంచే సంచి నింపుతున్నాడు. నిన్న కొరియర్‌లో పన్నెండు జతల సాక్సులొచ్చాయి. అన్నీ ఆడవాళ్ల సైజే.