మామగారిని ప్రేమించి చూడు

ముంబయి సెంట్రల్ దగ్గర మరాఠా మందిర్ అని ఒక సినిమా హాలుంది. 1995 అక్టోబరు 20న విడుదలైన ‘దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే’ ఆ హాల్లో దశాబ్దాల తరబడి రోజుకో ఆట ఆడుతూనే వచ్చింది. మనవాళ్ళు వందరోజులకే షీల్డులు పంచుకుని మురిసిపోతారు. వాళ్ళు పాతికేళ్ళు దాటినా పోస్టరు దించలేదు. దేశానికి ప్రేమించడం నేర్పిన సినిమా అని, యువతరం తిరుగుబాటుకి జెండా అని దానికి పేరు. 2015 జనవరిలో ఢిల్లీ వచ్చిన ఒబామా కూడా అందులో డైలాగు ఒకటి వల్లించి చప్పట్లు కొట్టించుకున్నారు. అమెరికా అధ్యక్షుడే ఒప్పేసుకున్నాక ఎదురు మాట్లాడటం కష్టమే.

అయినా మాట్లాడతాను. నేను హిందీ సినిమాలకి నికరమైన ప్రేక్షకుణ్ణి కాను. ఆదివారం భోంచేసి, టీవీ ముందు ఒరిగి, కునుక్కీ కునుక్కీ మధ్య చూసే రకం. హిందీ ప్రచార సభ వారి పరీక్షల పుణ్యాన సగం మాటలు అర్థమవుతాయి. మిగతా సగం వయొలిన్లు చెప్తాయి. ఇలా చూసేవాడికి ఒక సౌకర్యం ఉంది. పాటల్లో నిద్రపోతాడు కాబట్టి కథ మాత్రమే మిగులుతుంది. ఆ మిగిలిన కథలో నాకు కనబడిందేమిటంటే, హిందీ ప్రేమకథా నాయకుడు ప్రేమించేది అమ్మాయిని కాదు, ఆమె తండ్రిని.

ఆ సినిమానే తీసుకోండి. కథలో హీరో రాజ్ ముందు కలిసేది సిమ్రన్‌ని కాదు, లండన్‌లో కొట్టు నడుపుకునే ఆమె తండ్రి బల్దేవ్ సింగ్ గారిని. కొట్టు కట్టేసే వేళకి వచ్చి, తలనొప్పి మాత్ర కావాలని బతిమాలి తలుపు తీయించి, లోపలికి అడుగుపెట్టాక బీరు పట్టుకుపోతాడు. తొలిచూపు అంటే ఇదే. ఆ చూపుని బల్దేవ్ సింగ్ చివరిదాకా మర్చిపోడు. అమ్మాయి తర్వాత రైల్లో తగులుతుంది. ఆమె లోదుస్తు చేతికి దొరికితే ఊపి ఆటపట్టిస్తాడు. మరోచోట, తాగి పడుకున్న పిల్ల తెల్లారి లేచి రాత్రి ఏం జరిగిందని కంగారుపడితే, ఏదో జరిగిందని నమ్మించి ఏడిపిస్తాడు. బాగా ఏడ్చాక, పరువు మర్యాద తెలిసిన హిందుస్తానీనని ఉపన్యాసం ఇస్తాడు. ప్రేక్షకలోకం ఉపన్యాసాన్ని గుర్తుపెట్టుకుని ఏడుపుని మర్చిపోయింది. ఇదే పని హైదరాబాదులో సిటీ బస్సులో చేస్తే షీ టీమ్స్ వాళ్ళు పట్టుకెళ్ళి కౌన్సెలింగ్ ఇప్పిస్తారు. యూరప్ రైల్లో చేశాడు కాబట్టి ప్రేమ అయింది.

అసలు ప్రేమ, తండ్రి సిమ్రన్‌కి వేరే పెళ్ళి కుదిర్చి తీసుకెళ్ళిన పంజాబ్‌లో మొదలవుతుంది. సిమ్రన్ వెళ్ళిపోదాం పద అంటుంది. తల్లి నగల మూట తెచ్చి చేతిలో పెట్టి, పిల్లని తీసుకుని వెళ్ళిపో నాయనా అంటుంది. ముగ్గురిలో ఇద్దరి మాట ఒకటే, అంటే మెజారిటీ తీర్మానం. మూడోవాడు వీటో చేశాడు. మామగారు తన చేత్తో తాను అప్పగిస్తేనే గాని తీసుకెళ్ళడట! ఇక అక్కణ్ణుంచి చూడాలి ఆ సేవ. తెల్లారకుండా లేచి, పావురాలకి గింజలు వేసుకుంటున్న పెద్దాయన పక్కన చేరతాడు. ఆయన మొహంలో నవ్వు కోసం పడిగాపులు పడతాడు. సిమ్రన్‌తో అన్ని పూటలు గడిపాడో లేదో గాని, పావురాల దగ్గర మాత్రం హాజరు తప్పలేదు. ఈలోగా పెళ్ళికొడుకు చెల్లెల్ని, ఈ కుర్రాడు తనకేమోనన్న భ్రమలోకి దింపారు. ఆ పిల్ల ఏమైందని అడిగినవాళ్ళు లేరు.

క్లైమాక్సు రైల్వే స్టేషను. పంజాబ్ అని మనల్ని నమ్మించారు గాని అది మహారాష్ట్రలో పన్వేల్ దగ్గరుండే ఆప్టా. రైలు కదిలింది. రాజ్ మొహం నిండా నెత్తురు. తండ్రి కూతురి చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు, కూతురు బతిమాలుతోంది. పరిగెత్తి రైలందుకోగల సత్తువ ఆ పిల్లకి ఉంది. మరుక్షణం పరిగెత్తి అందుకుంటుంది కూడా. అయినా నాన్నగారి వేళ్ళు సడలేదాకా ఆగింది. తిరుగుబాటు జెండా ఎగరాల్సిన చోట మామగారు పచ్చజెండా ఊపారు. హాలంతా కన్నీళ్ళు.

ఇది రాజ్‌గా వేసిన షారుక్ ఖాన్ కనిపెట్టిన విద్యేం కాదు. 1960 నాటి ‘ముఘల్-ఎ-ఆజమ్’లో అక్బరు, ప్రేమించిన కొడుకు మీదికి సైన్యాన్ని తోలుకెళ్ళాడు. అంతకు ఐదేళ్ళ ముందే ‘అనార్కలి’లో మన ఎస్వీ రంగారావు ఆ కిరీటం పెట్టుకున్నారు. అక్కడ అడ్డుపడేది అబ్బాయి తండ్రి. అన్ని ఏనుగుల్నీ గుర్రాల్నీ పోషించలేక కాబోలు, తర్వాతి నిర్మాతలు అమ్మాయి తండ్రి వైపు మొగ్గారు. ఆయనకి ఒక శాలువా, పెద్ద గొంతు ఉంటే చాలు.

1989లో వచ్చిన ‘మైనే ప్యార్ కియా’ తెలుగులో ‘ప్రేమ పావురాలు’ అయి మన ఊళ్ళలో కూడా విరగబడి ఆడింది. అందరికీ పావురమే గుర్తుంది. నాకు మాత్రం రెండు వేల రూపాయలు గుర్తున్నాయి. నా కూతురు కావాలంటే సొంత రెక్కల కష్టంతో నెలలో రెండు వేలు సంపాదించి చూపించు అంటాడు తండ్రి. కోటీశ్వరుడి కొడుకు లారీ తోలి, రాళ్ళు మోసి, ఆ డబ్బు సంపాదిస్తాడు. ప్రేమ సంగతి పక్కన పెడితే, ప్రైవేటు ఉద్యోగానికి అంతకన్నా నిక్కచ్చిగా ప్రొబేషన్ పెట్టినవాళ్ళు నాకు తెలీదు. హీరోయిన్ సుమన్ ఆ నెలంతా ఏం చేసిందంటారా? ఎదురుచూసింది. హిందీ ప్రేమకథలో హీరోయిన్ చేసే ముఖ్యమైన పని అదే.

2008 నాటికి అది కూడా తగ్గిపోయింది. ‘రబ్ నే బనా దీ జోడీ’లో తండ్రి కన్నుమూసే ముందు, ఒకప్పటి తన ప్రియశిష్యుడి చేతిలో కూతుర్ని పెట్టేస్తాడు. శిష్యుడిది అమృత్‌సర్ కరెంటాఫీసులో ఉద్యోగం. అతను మీసం తీసేసి, కళ్ళజోడు పక్కన పెట్టి, బిగుతు ప్యాంటు వేసుకుని రాజ్ అని చెప్పుకుంటే, ఒకే కప్పు కింద కాపురం చేస్తున్న భార్య గుర్తుపట్టదు. దీన్ని చాలామంది ఎగతాళి చేశారు. నాకు మాత్రం సహజంగానే తోచింది. సంబంధం కుదిరింది మామకీ అల్లుడికీ మధ్య. ఆమెకి మొగుడి మొహం చూసే పని ఎక్కడ పడింది?

మంచుకొండల మీద కూడా ఇదే వరస. హీరోకి స్వెటరు, పైన కోటు, మెడకి మఫ్లరు. హీరోయిన్‌కి షిఫాన్ చీర. ఈ పద్ధతిని ఊరూరా ప్రసిద్ధం చేసిన యశ్ చోప్రాకి స్విట్జర్లాండ్ వాళ్ళు 2016లో ఇంటర్లాకెన్‌లో విగ్రహం పెట్టించారు. చలేస్తోందా అని ఆ పిల్లని ఎవరైనా అడిగితే పాట ఆగిపోతుందని భయం కాబోలు.

ఇక తారల వయసులు. 2025లో ‘సికందర్’ వచ్చేనాటికి సల్మాన్ ఖాన్‌కి 59, పక్కన రష్మికకి ఇంకా 29 నిండలేదు. వెక్కిరించడం తేలిక గాని నా బెంగ వేరు. హీరోకి అరవై దగ్గర పడుతుంటే, అమ్మాయినివ్వాల్సిన మామగారు ఆయనకన్నా చిన్నవాడయ్యే ప్రమాదం ఉంది. ఎవరు ఎవరి కాళ్ళకి దండం పెట్టాలి? పంజాబీ ఇళ్ళలో అది చిన్న సమస్య కాదు. ఆడవాళ్ళకి ఈ చిక్కు రాదు, వాళ్ళని ముందుగానే వేరే విభాగానికి బదిలీ చేస్తారు. 1976లో ‘కభీ కభీ’లో అమితాబ్‌కి భార్యగా వేసిన వహీదా రెహమాన్, 1978లో ‘త్రిశూల్’కి తల్లి అయిపోయారు. ‘కభీ కభీ’లోనే ప్రేయసిగా వేసిన రాఖీకి ‘శక్తి’లో, 1982లో, అమ్మ వేషం. మనం తక్కువ తినలేదు లెండి. ‘బడిపంతులు’లో ఎన్టీఆర్‌కి మనవరాలిగా వేసిన శ్రీదేవి, ‘వేటగాడు’లో ఆయనతో స్టెప్పులేసింది. హిందీవాళ్ళు ప్రియురాల్ని తల్లిగా పెంచితే, మనం మనవరాల్ని ప్రియురాలిగా పెంచాం.

అప్పుడప్పుడు మనం ప్రేమని ఎగుమతి కూడా చేస్తుంటాం. విశాఖ తీరంలో తీసిన ‘మరోచరిత్ర’ 1981లో ‘ఏక్ దూజే కే లియే’గా హిందీకి వెళ్ళింది. ఏడాదిపాటు ఒకరినొకరు చూడకూడదని పెద్దల షరతు. ఏడాదంటే అప్పట్లో గుండె చెరువైపోయింది. 2004లో ‘వీర్ జారా’ వచ్చేసరికి అమ్మాయి కుటుంబం పరువు కోసం హీరో పాకిస్తాన్ జైల్లో నోరెత్తకుండా గడిపింది 22 ఏళ్ళు. ధరలు పెరగనిది ఏదీ లేదు. మళ్ళీ 2017లో ‘అర్జున్ రెడ్డి’ని తయారుచేసి, రెండేళ్ళకి ‘కబీర్ సింగ్’గా పంపించాం. ఆడపిల్లని సొంత ఆస్తిలా చూపించారని ముంబయి విమర్శకులు గగ్గోలు పెట్టారు, సబబుగానే. ఈ హీరో పావురాలకి గింజలు వేయడు, గుమ్మం ముందు అరుస్తాడు. దాంతో పాత సంప్రదాయం తెగిపోయిందని నేను పొరబడేవాణ్ణే గాని, ముగింపులో మామగారు వచ్చి మిమ్మల్ని అపార్థం చేసుకున్నామని క్షమాపణ చెప్పారు. హీరో చేతిలో చెంపదెబ్బ తిన్నది అమ్మాయి. క్షమాపణ అందుకున్నది అల్లుడు.

హిందీలో గొప్ప ప్రేమకథ ఏదని అభిమానులు అడిగితే నా ఓటు ‘మొహబ్బతే’కి. 2000 సంవత్సరం దీపావళికి వచ్చింది. అందులో గురుకుల్ అనే కళాశాలకి నారాయణ్ శంకర్ అధిపతి, వేసింది అమితాబ్. ఆయన కూతురు మేఘ, షారుక్‌ని ప్రేమించిన పాపానికి, కథ మొదలయ్యేనాటికే ప్రాణం తీసుకుంది. ఇంకెవరి భాషలోనైనా ప్రేమకథ అక్కడితో సరి. హీరో గడ్డం పెంచుకుని హిమాలయాలకి పోవాలి. హిందీలో అలా కాదు. అమ్మాయి పోయినా మామగారు ఉన్నారు కదా! షారుక్ వయొలిన్ పట్టుకుని సంగీతం మాస్టారుగా అదే గురుకుల్‌లో చేరతాడు. ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటూ మామా అల్లుళ్ళు నడిపిన ఆ సినిమా మూడున్నర గంటలు. మేఘ మధ్యమధ్య ఊహల్లో కనబడుతుంది, అడ్డు రాకుండా. చివరికి పెద్దాయన మనసు కరిగి, తప్పు ఒప్పుకుని, గురుకుల్‌నే అతని చేతిలో పెట్టేసి తప్పుకుంటాడు. మన వైపు దీన్ని ఇల్లరికం అంటారు. పెళ్ళికూతురు లేకుండా ఇల్లరికం కుదుర్చుకున్న అల్లుణ్ణి మాత్రం నేను ఆ ఒక్క సినిమాలోనే చూశాను.