నాటిన జుట్టు వాపసు తీసుకోబడదు

బట్టతల జబ్బు కాదు. నన్ను ఓదార్చడానికి మా ఆవిడ అన్న మాట కాదిది, భారత ప్రభుత్వం అన్నది. మోకాలి చిప్ప మార్పించుకుంటే ఆపరేషన్ ఫీజు మీద జీఎస్టీ పడదు, అది వైద్యసేవ కాబట్టి. ఆ మినహాయింపు ఇచ్చినచోటే, ఎవడైనా తెలివి చూపిస్తాడేమోనని, జుట్టు నాటించుకోవడమూ అందం కోసం చేయించుకునే ఆపరేషన్లూ వైద్యసేవ కిందికి రావని విడిగా రాసిపెట్టారు. పుట్టుకతో వచ్చిన లోపమో, ప్రమాదంలో తగిలిన గాయమో సరిచేయించుకోవడానికైతే సరేనట. మా నాన్నగారి నుంచి వారసత్వంగా వచ్చిన బట్టతల పుట్టుకతో వచ్చినట్టు కాదా అని మా బ్యాంకుకి వచ్చే ఆడిటర్ని అడిగాను. ఆయన తన నెత్తి తడుముకుని, "అలా కుదిరితే నేను ఊరుకునేవాణ్ణా సార్?" అన్నాడు.

గ్రాఫ్టు 35 రూపాయల చొప్పున 3,000 గ్రాఫ్టులు, లక్షా అయిదు వేలు. దాని మీద అప్పట్లో 18 శాతం పన్ను, 18,900. మెడిక్లెయిమ్‌లో వస్తుందేమోనని ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి నవ్వలేదు గానీ, నవ్వాపుకోవడం మాత్రం వినిపించింది.

ఆ లెక్కన నేను పేషెంటును కాను, కస్టమర్ని. అందులో నాకు చిన్నతనమేమీ అనిపించలేదు. క్లినిక్‌వాళ్లూ మొదట్లో అలాగే చూసుకున్నారు. తలుపు తోయగానే ఏసీ, కూచోగానే బాదం పాలు, తాగుతుండగానే ప్యాకేజీల పుస్తకం. సిల్వర్, గోల్డ్, ప్లాటినం. ఉగాది ఆఫరు ఆదివారంతో ఆఖరు. ఈఎంఐ ఉంది, ఇంకో బట్టతలను వెంటబెట్టుకొస్తే దానికో తగ్గింపు ఉంది. కౌన్సెలర్ అమ్మాయి గ్రాఫ్టు 45 అంటే మా ఆవిడ కుర్చీ ముందుకి జరుపుకుంది. "మూడు వేలు తీసుకుంటున్నాం కదమ్మా, హోల్‌సేల్ రేటు చెప్పు" అంది. 35 దగ్గర తెగింది. "రిజల్ట్ గ్యారంటీ మేడమ్" అని ఆ అమ్మాయి చేతిలో చెయ్యేసి మరీ చెప్పింది.

ఆపరేషన్ రోజు పొద్దున్నే తల గొరిగేశారు. అదే గుండు తిరుమల కల్యాణకట్టలో అయితే పైసా పుచ్చుకోరు, పైగా పుణ్యం అని మా ఆవిడ గుర్తుచేసింది. తర్వాత డాక్టరుగారు వచ్చారు. నా నుదుటి మీద మార్కరుతో ఒక గీత గీసి, దాన్ని ఫొటో తీయించి, "నేచురల్‌గా వస్తుంది" అని ఆశీర్వదించి వెళ్లారు. మళ్లీ ఆయన దర్శనం రిసెప్షన్‌లోని ఫ్లెక్సీలోనే. మిగతా పనంతా ఇద్దరు కుర్రాళ్లు చేశారు. ఒకడు తల వెనకనుంచి ఒక్కో గ్రాఫ్టూ తవ్వి తీశాడు, రెండోవాడు ముందు గుచ్చాడు. మంచానికున్న కంతలో మొహం పెట్టి బోర్లా పడుకున్న నాకు కనిపించినవల్లా వాళ్ల చెప్పులు. ఒక జత నీలం, ఒక జత ఆకుపచ్చ. పచ్చ చెప్పుల్లో ఎడమదానికి పట్టీ తెగితే దూదిపట్టీ చుట్టారు.

జాతీయ వైద్య కమిషన్ 2022లో ఈ వ్యవహారం మీద మార్గదర్శకాలు ఇచ్చింది. వర్క్‌షాపులో చూసో, యూట్యూబ్‌లో చూసో నేర్చుకున్నది జుట్టు నాటడం మొదలుపెట్టడానికి సరిపోయే శిక్షణ కాదని అందులో ఉంది. ఢిల్లీలో అంత పెద్ద సంస్థ పనిగట్టుకుని యూట్యూబ్ ఊసెత్తిందంటే, ఎవరో ఎక్కడో నేర్చేసుకునే ఉంటారు. వాళ్లలో ఎవరికైనా ఆకుపచ్చ చెప్పులున్నాయేమో అందులో రాయలేదు.

శాస్త్రాన్ని మాత్రం తప్పుపట్టను. తల వెనక జుట్టు మొండిది, దాన్ని తీసి ముందు నాటినా తన మొండితనం వదలదని న్యూయార్క్‌లో నార్మన్ ఒరెంట్రైక్ అనే డాక్టరు 1950లలోనే చేసి చూపించాడు. ఈ వ్యాపారమంతా ఆ ఒక్క మొండితనం మీదే నడుస్తోంది. నాటిన వెంట్రుకలు రెండు మూడు వారాల్లో రాలిపోతాయి, వేరు లోపలే ఉంటుంది, మూడు నాలుగు నెలలకు మళ్లీ మొలుస్తుంది, పూర్తి ఫలితం తెలియడానికి ఏడాది పడుతుంది. ఇదీ నిజమే, ఏ మంచి డాక్టరైనా ఇదే చెప్తాడు. కానీ అమ్మేవాడికి ఇంత అనువైన నిజం ఇంకోటి ఉండదు. పట్టుచీర రంగు పోతే ఒక్క ఉతుక్కి తెలిసిపోతుంది. దీనికి ఏడాదిదాకా "ఆగండి సార్" అనొచ్చు. ఏడాదయ్యాక "కొందరికి పద్దెనిమిది నెలలు" అనొచ్చు.

సంక్రాంతికి ఊరెళ్లాం. మాది తణుకు దగ్గర పల్లె. మా అమ్మ నన్ను అరుగు మీద కూచోబెట్టి తల వంచమంది. ఓపికున్నన్నాళ్లూ ఊడ్పులు దగ్గరుండి చేయించిన మనిషి. కళ్లజోడు సర్దుకుని, వేళ్లతో నా నెత్తి మీద ఎడం కొలిచింది.

"ఒరే, ఈ ఊడ్పు ఎవళ్లేశార్రా? కుదురుకీ కుదురుకీ మధ్యన గేదె తిరిగేలా ఉందే!"

మెడ పట్టుకుని వెనక్కి తిప్పింది. "ఆకుమడి కూడా నాశనం చేశారు. ఇదిగో, ఇక్కడ ఒక్కచోటే గుత్తంగా పీకేశారు. మళ్లీ వేయించుకుందామన్నా నారేదిరా?"

"కొందరి ఒంటితత్వం అంతేనటమ్మా. వాళ్ల తప్పేం లేదంటున్నారు."

"నారు చస్తే చేను మంచిది కాదని నారమ్మినవాడు కాక ఇంకెవడంటాడు? పోయి డబ్బులు పుచ్చుకో."

పుచ్చుకుందామనే వెళ్లాను. వాపసు అన్న మాట నా నోట్లోంచి ఊడిపడగానే నేను పేషెంటునైపోయాను. బాదం పాలు మాయం, టోకెను చేతికొచ్చింది. మొన్నటిదాకా ప్యాకేజీ అయినది ప్రొసీజర్ అయింది. గ్యారంటీ అన్న అమ్మాయే "వైద్యంలో గ్యారంటీ ఎవరిస్తారు సార్, అది ఎథిక్స్‌కి విరుద్ధం" అంది. నర్సొచ్చి చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. కాస్త ఎక్కువే ఉంది. మేనేజరు ఎంతో ఆప్యాయంగా నా భుజం మీద చెయ్యేసి, "స్ట్రెస్‌కి జుట్టు రాలుతుంది సార్. ఇలా రిఫండ్ గురించి టెన్షన్ పడితే ఉన్నవీ నిలవవు" అన్నాడు. గోడ మీద మాత్రం ప్లాటినం ప్యాకేజీ మీద సంక్రాంతి ఆఫరు వేలాడుతూనే ఉంది. కొనేటప్పుడు కొట్టు, వాపసు అడిగితే ఆస్పత్రి. ఒకే గది, ఒకే ఏసీ.

తర్వాత పరీక్ష. పెన్నులా ఉండే కెమెరా నెత్తి మీద పెడితే ఎదురుగా టీవీలో నా మాడు గోడంత కనిపించింది. రంధ్రాలూ, చుండ్రూ, అక్కడక్కడ నల్లని తాళ్లూ. కెమెరా పట్టుకున్న కుర్రాడు చెవి పైభాగంలోనే తచ్చాడుతున్నాడు. అది నాకు మా అమ్మ ఇచ్చిన జుట్టు. "బాబూ, కొంచెం ముందుకి రా" అన్నాను. అయిష్టంగా జరిగాడు. సహజంగా చదరపు సెంటీమీటరులో 70, 80 గ్రాఫ్టులుంటాయి, నాటినప్పుడు 40 దాకా ఉంటే చూపుకి నిండుగా ఉంటుందని కొనేటప్పుడు వీళ్లే బొమ్మలేసి చెప్పారు. తెర మీద గీసిన గడిలో వేలు పెట్టి లెక్కపెట్టాను. కౌంటర్లో ఏళ్ల తరబడి నోట్లు లెక్కపెట్టిన వేలది. పదకొండు.

"వెట్ కౌంట్ వేరు సార్, డ్రై కౌంట్ వేరు" అన్నాడు మేనేజరు. తడిపి మళ్లీ లెక్కపెట్టాం. పదకొండే.

అప్పుడు సంతకాల కాగితం బయటికి తీశాడు. ఫలితం వ్యక్తిని బట్టి మారును. చెల్లించిన రుసుము ఎట్టి పరిస్థితిలోనూ వాపసు ఇవ్వబడదు. లోను కాగితాల మీద రోజూ జనం చేత సంతకాలు చేయించేవాణ్ణి కాబట్టి, అలాంటి వాక్యాలు చదివించడానికి కాదు, చూపించడానికి రాస్తారని నాకు తెలుసు. నేను కూడా చూపిస్తూనే ఉంటాను.

మా బావమరిది లాయరు. భూమి తగాదాలు తప్ప ఇంకోటి ముట్టుకోడు. నా తలకాయ కూడా ఒకరకంగా సరిహద్దు తగాదాయే కాబట్టి పట్టించుకున్నాడు.

"బావగారూ, వాళ్లు మిమ్మల్ని పేషెంటన్నా కస్టమరన్నా మనకి ఒకటే. డబ్బు పుచ్చుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పేసింది, శాంతా కేసులో. 2019లో కొత్త చట్టం వచ్చాక డాక్టర్లు మళ్లీ కదిపి చూశారు, కుదర్లేదు. సేవలో లోపముంటే డబ్బు తిరిగివ్వకపోవడం ఆ చట్టంలో అనుచిత వ్యాపారం. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజుల్లో ఇవ్వాలి."

"మరి ఆ సంతకం?"

"అది వాళ్లు పెట్టుకున్న బోర్డు, శాసనం కాదు. మీ అసలు ఇబ్బంది వేరే ఉంది. జుట్టు మొలవలేదన్నంత మాత్రాన కేసు నిలవదు. ప్రతి ఆపరేషనూ ఫలించాలని ఏ కోర్టూ అనదు. చేయాల్సినవాడు చేయలేదనో, చేయాల్సినట్టు చేయలేదనో చూపించాలి. మీ రికార్డులు అడగండి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల నియమావళిలోనే ఉంది."

రికార్డులొచ్చాయి. ఆపరేషన్ ఆసాంతం డాక్టరుగారే చేసినట్టు నీటుగా రాసుంది. చెప్పుల సంగతి చెప్పాను. వాడు చాలాసేపు ఆలోచించి, "చెప్పుల్ని బోనెక్కించలేం బావగారూ" అన్నాడు.

మా అమ్మన్న మాట చెప్పింది అప్పుడే. ఏదో నవ్విద్దామని చెబితే వాడు నవ్వలేదు, లేచి కూచున్నాడు. విత్తనాలు సరిగా మొలవలేదని మన రైతులు నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ మీదికెళ్లిన కేసు ఉందట, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో. సాగు సరిగా చేయలేదు, నీళ్లు పెట్టలేదు అని కంపెనీ వాదించింది. విత్తనాలు ల్యాబులో పరీక్ష చేయించలేదు కాబట్టి ఫిర్యాదే చెల్లదంది. కొన్న గింజలన్నీ చేలో చల్లుకున్న రైతు పరీక్షకని కొన్ని దాచిపెడతాడా అని 2012లో సుప్రీంకోర్టు రైతుల పక్షానే తేల్చింది. వాడు ఆ ఉత్సాహంలో రాత్రికి రాత్రి నోటీసు తయారుచేశాడు. ఇంగ్లీషులో ఉంది గానీ, రెండో పేజీ మొత్తం మా అమ్మే మాట్లాడుతున్నట్టుంది. జిల్లా కమిషన్‌కి వెళ్తామనీ, 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా అక్కర్లేదనీ, రెండేళ్ల గడువు ఇంకా దాటలేదనీ చివర్లో కలిపాడు. ఇన్నాళ్లూ "ఆగండి సార్" అన్నదానికి అర్థం ఆ గడువులో ఉందని నాకు అప్పుడు తట్టింది.

నోటీసు అందిన మర్నాడే మేనేజరు ఫోన్. మొదట పీఆర్పీ సిట్టింగులు ఉచితం అన్నాడు. నా రక్తం నాకే ఎక్కించి దానికి ఉచితం అనడం వినసొంపుగా లేదు. రెండోసారి నాటిస్తామన్నాడు. నారేదని అడిగాను, అర్థం కాలేదు. చివరికి 'గుడ్‌విల్' కింద యాభై వేలన్నాడు. ఫోన్ మా ఆవిడ అందుకుంది. 45ని 35కి దించిన గొంతే, ఈసారి ఎక్కించడం మొదలుపెట్టింది. ఎనభై అయిదు వేల దగ్గర తెగింది. జీఎస్టీ మాత్రం ప్రభుత్వానికి వెళ్లిపోయింది కాబట్టి ఇవ్వలేమన్నారు. సేవలో లోపమున్నప్పుడు క్రెడిట్ నోటు ఇచ్చి ఆ మేరకు పన్ను తగ్గించుకోవచ్చని మా ఆడిటరు చెప్పింది చెప్పాను. అవతల కాసేపు నిశ్శబ్దం. ఆ తర్వాత అకౌంట్స్‌లో కలవమన్నారు.

అకౌంట్స్ అమ్మాయి కొత్తగా చేరినట్టుంది. క్రెడిట్ నోటు తెరిచింది. ఆ సాఫ్ట్‌వేరు ఏదో దుకాణాల కోసం చేసింది. వాపసుకి కారణం అడిగింది. పాడైన సరుకు, సైజు సరిపోలేదు, రంగు నచ్చలేదు, ఇతరములు. ఆ అమ్మాయి నా తల వంక ఒక్కసారి చూసి 'పాడైన సరుకు' నొక్కబోయి, మొహమాటపడి 'ఇతరములు' నొక్కింది. తర్వాతి గడి దగ్గర ఆగిపోయింది.

"సార్, సరుకు తిరిగి అందిందా అని అడుగుతోంది."

"లేదని కొట్టమ్మా."

"లేదంటే ముందుకి పోవట్లేదు సార్."

నేను నెత్తి నిమురుకున్నాను. నిమిరినప్పుడల్లా ఒకటో రెండో ఊడటం మామూలే, ఊడింది. టేబుల్ మీద, ఆ అమ్మాయి కీబోర్డు పక్కన పెట్టాను.

"ఇప్పుడు కొట్టు."

కొట్టింది.