పాలు పడ్డాయా అని అడిగేవాళ్ళే అందరూ

మా రోజుల్లో తొలికాన్పంటే పుట్టింట్లోనే. ఏడో నెలలో పిలుచుకొచ్చారంటే బిడ్డకు మూడో నెలో, అయిదో నెలో వచ్చేదాకా అత్తగారింటికి పంపే మాటే లేదు. చంద్రగిరి పక్కన మా పల్లెలో బాలింత ఉన్న ఇంటికి పిన్నమ్మో, పక్కింటి అక్కో ఎప్పుడూ ఎవరో ఒకరు వస్తా పోతా ఉండేవాళ్ళు. వేన్నీళ్ళు పోసేది ఒకరు, సాంబ్రాణి పొగ వేసేది ఒకరు, బిడ్డ గుడ్డలు ఉతికేది ఇంకొకరు. పాతబియ్యం అన్నం, తెల్లగడ్డ కారం, నెయ్యి కూర్చున్న చోటికే వచ్చేవి. రాత్రిపూట బిడ్డ ఏడిస్తే ముందు లేచేది అవ్వ. గుడ్డ మార్చి, కాసేపు భుజాన వేసుకుని తిరిగి, ఆకలేడుపు అని తేలితేనే తల్లిని లేపేది. బాలింతకు నిద్ర దక్కేది. ఆ నిద్ర విలువ ఈనాటి వాళ్ళకు ఎవరు చెప్తారు?

ఇప్పుడు కాన్పంటే ఆసుపత్రే. అది మంచిదే. మంత్రసాని చేతిలో ప్రాణం పోయిన తల్లుల్ని చూసినదాన్ని, ఆ రోజులు మళ్ళీ రావాలని కోరుకోను. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో నూటికి 96కు పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగినట్టు తేలింది. అదే సర్వేలో నూటికి 42 కాన్పులు కడుపు కోసి చేసినవి. కుట్ల నొప్పితో పక్కకు తిరగలేని పిల్ల నాలుగైదు రోజులకు ఇంటికొస్తుంది. ఏ ఇంటికి? తిరుపతిలో రెండు గదుల అపార్టుమెంటుకు. మొగుడు తొమ్మిదికి ఆఫీసుకు పోతాడు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, అత్తకు ఊళ్ళో పాడి. అందరూ ఉన్నారు, ఫోన్లో.

ఫోన్లో అడిగేది ఒక్కటే. పాలు పడ్డాయా? చాలడం లేదేమో? బిడ్డ చిక్కినట్టున్నాడే? నువ్వు అన్నం తిన్నావా, కునుకు తీశావా అనేవాళ్ళు లేరు. నాకు మండుకొచ్చేది ఇక్కడే.

మా వీధిలో ఒక పిల్లను చూడ్డానికి పోయాను. బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కళ్ళనీళ్ళు కారుస్తా ఉంది.

"ఏంటికమ్మా ఏడస్తా ఉండావు?"

"తెలీదవ్వా. ఊరికే వస్తా ఉంది."

బిడ్డ చనుమొన కొస మాత్రమే పట్టుకుని లాగుతున్నాడు. అందుకే మొన చీలి నెత్తురు చెమ్మ. బిడ్డ పొట్ట తల్లి పొట్టకు ఆనేట్టు తిప్పి, నోరు బాగా తెరిచినప్పుడు మొన చుట్టూ ఉండే నల్లటి భాగం కూడా నోట్లోకి పోయేట్టు దగ్గరికి తీసుకోమన్నాను. గుటక చప్పుడు వినబడింది. పాలు ఊరడం ఒకటి, దిగడం ఇంకొకటి. నొప్పి, దిగులు ఉంటే ఊరిన పాలు కూడా సరిగా దిగవు. మొదటి వారం దాటాక బిడ్డ రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా ఉచ్చ పోస్తూ, బరువు పెరుగుతూ ఉంటే పాలు చాలుతున్నట్టే. ఈ మాట ఆ పిల్లకు అంతదాకా చెప్పినవాళ్ళు లేరు.

పాలు సర్దుకున్నాయి. ఏడుపు మాత్రం నెల దాటినా ఆగలేదు. బిడ్డ నిద్రపోయినా తనకు నిద్ర రాదు, బిడ్డను చూస్తే ఏమీ అనిపించడం లేదని చెప్పింది. వాళ్ళాయనకు నచ్చజెప్పి మానసిక వైద్యుల దగ్గరికి పంపించాం. పాలిచ్చే తల్లులకు సరిపడే మందులున్నాయని, పాలు మాన్పించాల్సిన పని లేదని డాక్టరమ్మ చెప్పాక ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు.

కాన్పయిన మూడో రోజునో, అయిదో రోజునో ఊరికే ఏడుపు రావడం చాలామందికి మామూలే. రెండు వారాల్లో అదే పోతుంది. పోకుండా ముదిరితే అది జబ్బు. మన దేశంలో చేసిన 38 పరిశీలనలను కలిపి చూసి, కాన్పు తర్వాత నూటికి 22 మంది తల్లులకు ఈ కుంగుబాటు ఉందని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో రాశారు. వెయ్యిమందిలో ఒకరిద్దరికి మతి చలించేంతదాకా పోతుంది. నిద్ర ఉండదు, లేనివి కనబడతాయి, వినబడతాయి. అప్పుడు ఒక్క రోజు కూడా ఆగకూడదు.

మా రోజుల్లో దీన్ని గాలి సోకింది అనేవాళ్ళు. బిడ్డను ఎత్తుకోనని గోడవైపు తిరిగి పడుకున్న ఒకామెను వేపమండలతో కొట్టడం చిన్నప్పుడు చూశాను. తర్వాత ఆమెను పుట్టింటికి పంపేశారు, మళ్ళీ పిలుచుకోలేదు. ముర్రుపాలు చెడ్డవని పిండి పారబోసేవాళ్ళు. దాహమని బాలింత మొత్తుకున్నా గుటకెడు నీళ్ళే ఇచ్చేవాళ్ళు. ఆ మూర్ఖత్వం పోవాల్సిందే, పోయింది. దాంతోపాటు ఆ చేతుల సాయం కూడా ఎందుకు పోవాలి?

బెంగుళూరు నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డలను కలిపి ఉంచి మనసుకు వైద్యం చేసే వార్డు 2009 నుంచి ఉంది. వేలూరు సీఎంసీ వాళ్ళ బాగాయం ఆసుపత్రిలో రోగితో ఇంటివాళ్ళు ఉండే పద్ధతి ఎన్నో దశాబ్దాలది. మానసిక వైద్యం తీసుకునే తల్లి నుంచి మూడేళ్ళలోపు బిడ్డను మామూలుగా విడదీయకూడదని 2017 చట్టం కూడా చెప్తోంది. చిత్తూరు నుంచి వేలూరు గంట ప్రయాణం. అక్కడిదాకా పోవాలనే ఆలోచన ఎంతమందికి వస్తుంది?

తిరుమలలో ఏడాదిలోపు బిడ్డ ఉన్న తల్లిదండ్రులను సుపథం దారిలో దర్శనానికి పంపుతారు. కొండమీద ఇచ్చే ఆ మర్యాద కింద పనిచేసే చోట దొరకదు. 2017లో ప్రసూతి సెలవు 26 వారాలు చేశారు, 50 మంది పనిచేసే చోట పిల్లల గది ఉండాలన్నారు. చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో సీజనుకు మాత్రం కూలికి పోయే బాలింత, ఏడాదిలో 80 రోజుల పని చూపిస్తేగానీ ఆ సెలవు జీతం రాదంటే ఎక్కడికి పోతుంది? పాలు గడ్డకట్టి రొమ్ములు సలుపుతుంటే కాయలు కోస్తూ నిలబడుతుంది. ఆమెకు తల్లిపాల గొప్పతనం మీద ఉపన్యాసాలు ఇవ్వడం నాకు నచ్చదు. డాక్టరు చెప్పి డబ్బాపాలు పట్టే తల్లిని దోషిలా చూడటం అంతకంటే నచ్చదు.

నేను అడిగేది పెద్ద పనేం కాదు. ఆరో వారం టీకాకు దాదాపు ప్రతి తల్లీ బిడ్డను ఎత్తుకుని వస్తుంది. గడిచిన వారం రోజులుగా మనసు ఎట్లా ఉందని అడిగే పది ప్రశ్నల పట్టిక ఒకటి 1987 నుంచే ఉంది, పది నిమిషాలు కూడా పట్టదు. టీకా వేసిన చోటే ఆ పది ప్రశ్నలూ అడగండి. బాలింతను చూడ్డానికి పోయే పెద్దవాళ్ళు రెండు గంటలు బిడ్డను ఎత్తుకోండి, ఆ పిల్లను పడుకోనివ్వండి. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే 14416కు ఫోన్ చేయించండి. ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడతారు.