పాత పహాణీలో తప్పులు దిద్దకండి

కొత్త పోర్టల్‌లోకి భూమి రికార్డు ఎక్కించేముందు పాతదాన్ని శుభ్రం చేయాలని కంప్యూటర్ తెలిసినవాళ్ళంతా చెబుతారు. చిట్యాల తహసీల్ ఆఫీసు బయట రైతులకు దరఖాస్తులు రాసిపెట్టే నేను దానికి అడ్డంగా ఎదురు చెబుతాను. శుభ్రం చేయకండి. తప్పు ఉంటే తప్పుతోనే ఎక్కించండి.

మా దిక్కు ఏ ఊరికి పోయినా సమ్మయ్య తండ్రి ఓదెలు అనేవాళ్ళు ఇద్దరు ముగ్గురు దొరుకుతారు. తాత పేరు మనవడికి పెడతాం కాబట్టి ఓదెలు తండ్రి సమ్మయ్యలూ ఉంటారు. పహాణీలో ఒక ఏడు ఇంటిపేరుతో, మరో ఏడు ఇంటిపేరు లేకుండా, ఇంకో ఏడు ‘సంమయ్య’ అని ఉంటుంది. అందరూ ఒక్కరేననుకుని కలిపేస్తే రెండు ఇళ్ళ భూమి ఒకే ఖాతాలో పడుతుంది. మళ్ళీ విడదీయడానికి మిగిలే ఆనవాలు ఆ అక్షరదోషమే. దాన్నే దిద్దేస్తే ఇక దేన్ని పట్టుకుని అడుగుతారు?

జిల్లా పేరు కూడా మార్చొద్దు. 2016 అక్టోబర్ 11న మా మండలం వరంగల్ నుంచి జయశంకర్ భూపాలపల్లికి మారింది. అంతకుముందు కాగితం మీద వరంగల్ అనే ఉండాలి.

లెక్క కలవకపోతే కలపొద్దు. 2017 సెప్టెంబర్‌లో మొదలైన కార్యక్రమానికి పేరే భూ రికార్డుల ప్రక్షాళన, అంటే కడిగి శుభ్రం చేయడం. ఒక సర్వే నంబరుకు మూల రిజిస్టర్ ఆర్‌ఎస్‌ఆర్‌లో 6 ఎకరాల 12 గుంటలు ఉందనుకోండి. దాని కింది బై నంబర్లన్నీ కూడితే 6 ఎకరాల 20 గుంటలు వచ్చాయి. ఎవరో ఒకరి పాసుబుక్కులో 8 గుంటలు కోస్తే లెక్క సరిపోతుంది. సరిపోయిన లెక్కను ఇక ఎవరూ తిరిగి చూడరు, కోత పడ్డ రైతు తప్ప. అదే ‘తేడా 8 గుంటలు’ అని పక్కన రాసి అలాగే ఎక్కిస్తే, సర్వేయర్ వచ్చి కొలిచేదాకా ఆ తేడా అందరి కళ్ళముందే ఉంటుంది.

కొత్తదాంట్లో గడి లేదని పాత గడిని వదిలేయడం అన్నిటికంటే పెద్ద అన్యాయం. మా నాయిన తెల్లకాగితం మీద రెండెకరాలు కొన్నాడు. పహాణీలో పట్టాదారు గడిలో అమ్మినాయన పేరు, అనుభవదారు గడిలో మా నాయిన పేరు ఏటేటా వచ్చేవి. 2020 అక్టోబర్ 29న ధరణి పోర్టల్ వచ్చాక అనుభవదారు గడి లేకుండా పోయింది. దున్నినవాడి పేరు తెర మీద ఎక్కడా కనిపించలేదు. ఒక ఆఫీసులో అడిగితే ‘ఇప్పుడు ఆ కాలమ్ అక్కర్లేదు’ అన్నారు. 2020లో పెట్టుకున్న సాదాబైనామా (తెల్లకాగితపు కొనుగోలు) దరఖాస్తులను తేల్చే వీలు ధరణి తర్వాత వచ్చిన భూభారతి చట్టంలో వచ్చింది. అక్కడ మళ్ళీ అడిగేది ఎవరు కాస్తులో ఉన్నారనే. అటక మీది రేకుపెట్టెలో దాచిన పహాణీ నకళ్ళే మా నాయినకు సాక్ష్యం.

అందుకే పాత సిస్టమ్‌ను మూసేయొద్దంటాను. కనీసం నాలుగు పంటల కాలం రెండూ పక్కపక్కనే నడవాలి. రెండింతలు పని అంటారు. అవును, రెండింతలే. చేయాలి. గూగుల్ సంగతి చూడండి: వెబ్‌సైట్‌కు వచ్చేవాళ్ళను లెక్కించే పాత అనలిటిక్స్‌లో లెక్క కట్టడం 2023 జులై 1న ఆపేసింది, ఏడాది తిరిగాక ఆ పాత లెక్కలు తెరుచుకోకుండా పోయాయి. దించి దాచుకున్నవాళ్ళకే మిగిలాయి. కొత్తదాంట్లో లెక్కించే పద్ధతే వేరు కాబట్టి పాత అంకె పక్కన కొత్త అంకె పెట్టి పెరిగిందనో తగ్గిందనో అనడమూ కుదరదు. ధరణికి ముందు విస్తీర్ణం, తర్వాతి విస్తీర్ణం కూడా అంతే. రెండు నిలువు వరుసల్లో విడివిడిగా రాయండి, మధ్యలో గీత కొట్టండి.

రైతులకు ఒక్కటి చెబుతాను. పాత నకలు ఫొటో తీసేటప్పుడు కాగితం తిప్పి వెనకవైపు కూడా తీయండి. పాత పట్వారీలు పెన్సిల్‌తో పంపకం లెక్కలు అక్కడే వేసుకునేవాళ్ళు. పెన్సిల్ గీతలు మాసిపోతున్నాయి. పొద్దున ఎండ ఏటవాలుగా పడేచోట పెట్టి తీస్తే ఇంకా కనిపిస్తాయి.