బోర్లించిన టబ్బు

నా అసలు రంగు గులాబీ. ఇప్పుడు చూసినవాళ్ళు నమ్మరు. సూర్యాపేటలో ప్లాస్టిక్ సామాన్ల దుకాణం ముందు బకెట్ల పక్కన బోర్లించి ఉన్న నన్ను, పసిపిల్లకు నీళ్ళు పోసే టబ్బని చెప్పి దుకాణదారు అమ్మాడు. కొన్నామె కూడా ఏం మాట్లాడలేదు. బస్సు దిగి పెన్‌పహాడ్‌లో ఒక గది తలుపు తీసి, అద్దం ముందు నన్ను దించాకగానీ తెలియలేదు, నాకు పిల్లలు కాదు, కాళ్ళు రాసిపెట్టి ఉన్నాయని.

ఆమెను ఊళ్ళో అందరూ అక్కా అంటారు. నేనూ అంతే. కనుబొమలు దిద్దించుకోవడానికి రోజూ ఎవరో ఒకరు వస్తారు. నా పని మాత్రం పెళ్ళిళ్ళ కాలంలోనే ఎక్కువ. పెండ్లిపిల్లకు పారాణి పెట్టేముందు మడిమలు నునుపు కావాలి కదా!

ఇది వరి పండే సీమ. నాట్లు వేసే కాళ్ళంటే వేళ్ళ సందులు నాని తెల్లబడి ఉంటాయి, మడిమలు ఎండిన చెరువులా నెర్రెలిచ్చి ఉంటాయి. రెండేళ్ళకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు నడిచిపోయి వచ్చే కాళ్ళకు బొబ్బలు. బొబ్బ పగిలిన కాలినీ, పుండున్న కాలినీ నాలో పెట్టకూడదన్న సంగతి అక్కకు మొదట్లో తెలియదు. నాకైతే తెలిసినా చెప్పే నోరు లేదు.

ఒకసారి నాట్ల నడుమ ఒక పిల్ల వచ్చింది. అక్క రాయితో తోమి ఆపేయబోతే, "ఇంకా గీకక్కా, పైసలిచ్చేది దేనికి?" అంది. అక్క బ్లేడు బిగించిన గీకుడు కర్ర తీసింది. మడిమ మీది మందపు తోలు అందానికి అడ్డమే కావచ్చు, ఒత్తిడి పడే చోట ఒంటిని కాచుకోవడానికి శరీరం పరుచుకున్న చాప అది. చాప చినిగేదాకా గీకింది. బొటనవేలి గోరు మూలలు గుండ్రంగా లోపలిదాకా కత్తిరించింది, గోటి మొదట్లో అంటుకుని ఉండే పొరను కూడా కోసింది. ఆ పొరే లోపలికి క్రిములు పోకుండా వేసిన సీలు. నీళ్ళు కాస్త ఎర్రబడ్డాయి. మర్నాడే ఆ పిల్ల బురదలో దిగింది.

నాలుగో రోజు కుంటుకుంటూ వచ్చింది. బొటనవేలికి గోరుచుట్టు, మడిమ వాపు. చేతివేలికైతే నిమ్మకాయ తొడుగుతారు, కాలి బొటనవేలికి ఏ కాయ తొడగాలి? డాక్టరు చీము తీసి మందులిచ్చాడట. "ఆ టబ్బుల ఏముందో ఏమో" అని నన్నే తిట్టింది.

పూర్తిగా తప్పు మాట కాదది. అప్పట్లో ఒకరి కాళ్ళు తీయగానే నన్ను చెంబెడు నీళ్ళతో తొలిపి, ఇంకొకరి కాళ్ళు పెట్టేవాళ్ళు. బోరు నీళ్ళ ఉప్పు చారలు నా గోడల మీద గీతలుగా పేరుకున్నాయి. ఆ గరుకులో ఏముందో ఎవరు చూశారు? అయితే నాకంటే షోకైన చుట్టాలున్నాయి, మోటారుతో నీళ్ళు సుడి తిరిగే తొట్లు. 2000లో కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్ ఊళ్ళో ఒక గోళ్ళ సెలూన్‌కు పోయిన వందమందికి పైగా ఆడవాళ్ళకు పిక్కల మీద గడ్డలు లేచాయి, నెలల తరబడి మానలేదు. క్షయ క్రిమికి దూరపు చుట్టమైన ఒక సూక్ష్మజీవి అక్కడి పది తొట్లలోనూ దొరికింది. నీళ్ళు పీల్చే జల్లెళ్ళ వెనక వెంట్రుకలూ చర్మపు పొట్టూ పేరుకుని ఉన్నాయి. రేజరుతో కాళ్ళ వెంట్రుకలు తీసుకుని వెళ్ళినవాళ్ళకే ముప్పు ఎక్కువైంది, కంటికి కనబడని గీతలన్నీ వాకిళ్ళే మరి. నాకు మోటారు లేదు, జల్లెడ లేదు. పేదదాన్నైనందుకు గర్వపడ్డ సందర్భం అదొక్కటే.

ఇప్పుడు అక్క నన్ను సబ్బుతో రుద్ది, బ్లీచింగ్ నీళ్ళు పది నిమిషాలు నిలిపి, కడిగి, గోడ మీద ఎండలో బోర్లిస్తుంది. బ్లేడు పారేసింది. కాళ్ళు తెల్లబడే క్రీము పూసేముందు మోచేతి మడతలో చుక్క పెట్టి, రెండు రోజులు చూసి రమ్మంటుంది. వచ్చినవాళ్ళు ఊరికే పోరు, మాట పడి పోతారు: "రెండు దినాలు బురదల దిగకు. వేళ్ళ సందులు పొడిగ తుడువు, క్రీము సందుల్ల పెట్టకు, మడిమెలకే రాయి. కొంచెం ఎర్రగుంటే తెల్లారేసరికి తగ్గుతది. దురద పెట్టి పొక్కులొచ్చినా, వాపు పైకి పాకినా, జరమొచ్చినా నా దగ్గరికి రాకు, దవాఖానకు పో."

ఆ చివరి మాట ఒక అవ్వ దగ్గర నేర్చుకుంది. మనవరాలి పెండ్లికని కాళ్ళు పెట్టింది అవ్వ. "నీళ్ళు కాలుతున్నయా అవ్వా?" "ఏం లేదు బిడ్డా, మంచిగనే ఉన్నయ్." ఎంత కాగిన నీళ్ళో నా గోడలకు తెలుసు. ఏళ్ళ తరబడి షుగరుంటే పాదాల నరాలు మొద్దుబారతాయి, వేడి తెలియదు, నొప్పి తెలియదు. మర్నాటికి బొబ్బలు. పెండ్లిలో అవ్వ కుర్చీలోనే కూర్చుంది. వాళ్ళింటికి అక్క ఎన్నిసార్లు పోయిందో, వచ్చాక ఎన్నిసార్లు నన్ను కాలితో తన్నిందో నాకే తెలుసు.

అందుకే ఇప్పుడు మొదటి ప్రశ్న "షుగరుందా?" అని. ఉంటే నానబెట్టడం లేదు, తడిగుడ్డతో తుడవడమే. మిగతావాళ్ళకు పసిపిల్ల నీళ్ళు చూసినట్టు మోచెయ్యి ముంచి చూస్తుంది.

మొన్న అవ్వ మళ్ళీ వచ్చింది. కాళ్ళు తుడిపించుకుంటూ, గోడ మీద బోర్లించి ఉన్న నన్ను చూసింది.

"గిది ఊకె ఎండుతున్నది గదనే. మునిమనుమరాలు పుట్టింది, నీళ్ళు పోస్తందుకు ఇయ్యరాదు."

"ఛీ, అందరి కాళ్ళు కడిగిన దాంట్లనా అవ్వా!"

అవ్వ నవ్వింది. నాకు మాత్రం దుకాణాయన మాట గుర్తొచ్చింది.