మేస్త్రి వద్దంటున్న ఆరు సలహాలు

ఇల్లు మొదలుపెట్టామంటే చాలు, సలహాలకు కొదువ ఉండదు. అయితే ఈ ఆరు మీకు ఎవరూ చెప్పరు. మీరే అడిగితే మేస్త్రి తల అడ్డంగా ఊపుతాడు. అయినా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఎండావానల్లో ఇందిరమ్మ ఇల్లంత చోటులో, అంటే 400 నుంచి 600 చదరపు అడుగుల్లో, అటక వేసుకునేవాళ్లు వీటిని పాటించి తీరాలని నా నమ్మకం.

1. జాగా ఉన్నా గది పెంచకండి, గోడ పెంచండి

మామూలుగా పదడుగుల గోడ మీద శ్లాబు పడుతుంది. అందులో అటక వేస్తే కిందా ఇరుకే, పైనా ఇరుకే. గోడను 12 అడుగులకు లేపండి. పునాది పెరగదు, శ్లాబు పెరగదు. రెండడుగుల ఇటుక, సిమెంటు, కూలి పెరుగుతాయంతే. ఇంకో గది కలిపితే మాత్రం అన్నీ పెరుగుతాయి. ఇందిరమ్మ ఇంటికి సర్కారిచ్చే 5 లక్షలు చేతిలో పెట్టుకొని ఆ ఒక్క గది కోసం అప్పులోకి దిగకండి.

2. అటకను హాలు మీద కాదు, స్నానాల గది మీద వేయండి

"బాత్‌రూం మీద బియ్యం పెడతారా?" అని ఇంట్లో పెద్దలు ముఖం చిట్లిస్తారు. కానీ స్నానాల గదికి ఏడడుగుల ఎత్తు చాలు. 12 అడుగుల గోడలో అటక మందం పోను ఆ పైన నాలుగున్నర అడుగులు ఊరికే పోతున్నాయి. అటక అడుగున పీవీసీ సీలింగ్ కొట్టించి, స్నానాల గదికి బయటివైపు వెంటిలేటర్ పెడితే తడి పైకి రాదు. హాలు ఎత్తును మాత్రం ముట్టుకోవద్దు. వేడిగాలి మన తలల పైన నిలబడాలంటే ఆ ఎత్తు ఉండాలి.

3. అటక మీద మంచం వేయకండి

సినిమాల్లో చెక్క ఇళ్లు చూసి పిల్లలు పైన పడక కావాలంటారు. అవి చలి దేశాల ఇళ్లు. పైకెక్కిన వెచ్చదనం వాళ్లకు కావాలి. మన దగ్గర మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటడం కొత్త కాదు. పగలంతా కాగిన శ్లాబు రాత్రి పొద్దుపోయేదాకా ఆ వేడిని కిందికి వదులుతూనే ఉంటుంది. దానికి మూడడుగుల కింద పిల్లల్ని పడుకోబెట్టకండి. పక్కనే సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే అది ఇంకా ప్రమాదం.

4. కాంక్రీటు వద్దు, చెక్క వేయండి

ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు, నాలుగంగుళాల మందంతో కాంక్రీటు పోస్తే ఒక్క సామానూ పెట్టకముందే దాని బరువు దాదాపు 1,900 కిలోలు. ఇనుప పైపుల చట్రం మీద చెక్క పలకలు పరిస్తే ఆ బరువులో చాలా భాగం తగ్గిపోతుంది, రేపు అక్కర్లేకపోతే విప్పుకోవచ్చు. వెల్డింగ్ చేసేవాడికి ముందే లెక్క చెప్పండి. 50 కిలోల బస్తాలు పది పెడితే అర టన్ను. చెక్కకు చెదల మందు మరవకండి.

5. శ్లాబు కిందే గోడకు బొక్కలు పెట్టండి

"కట్టిన గోడకు బొక్కలేంది?" అంటాడు మేస్త్రి. ఎదురెదురు గోడల్లో, శ్లాబుకు జానెడు కింద, గవాక్షాలు పెట్టించండి. పైకి చేరిన వేడిగాలికి అదే దారి. కోతులు, పావురాలు రాకుండా జాలీ బిగించండి. శ్లాబు పైన తెల్లరంగు వేయండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఈ పని కోసమే. మిర్యాలగూడలో రైస్ మిల్లుల దగ్గర ఇల్లయితే ఊక బూడిద పడి తెలుపు మాసిపోతుంది, ఏటా కడగాలి.

6. అటకలో సగం ఖాళీగా ఉంచండి

ఇంత కష్టపడి కట్టి ఖాళీగా ఉంచడమేంటని అందరూ అడుగుతారు. 2024 ఆగస్టు 31 రాత్రి, మర్నాడు కోదాడ చుట్టుపక్కల కురిసిన వాన గుర్తు చేసుకోండి. నడిగూడెం మండలం కాగితరామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువ కట్ట తెగింది. నీళ్లు గడప దాటితే ముందు పైకెక్కించాల్సినవి పట్టాదారు పాసుపుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు, బియ్యం, మందులు. పాడైన కూలరూ పాత పరుపులూ అటక నిండా ఉంటే వాటికి చోటెక్కడిది? మా అమ్మమ్మ అటక మీద విత్తనాల ముంతలు, చింతపండు కుండలు ఒక పక్కకే ఉండేవి. రెండో పక్క ఎప్పుడూ ఊడ్చి ఉంచేది.

మిరుగు రాకముందే మీరూ ఊడ్చి పెట్టండి. నిచ్చెనకు పైన కొక్కేలు పెట్టించి, అది ఎప్పుడూ ఒకే చోట ఉండేలా చూడండి. ఒక సాయంత్రం ఇంట్లో లైట్లన్నీ ఆపేసి, ఆ చీకట్లో ఇంటిల్లిపాదీ ఒక్కొక్కరుగా వెళ్లి దాన్ని తడిమి పట్టుకోగలుగుతున్నారో లేదో చూసుకోండి.