టిఫిన్ డబ్బా ఇంజనీరు

సంజామలలో సిస్టం ఉన్న ప్రతి ఇంటికీ ఆయన తెలుసు. రేషన్ కార్డులో పేరేదైనా ఊరు పిలిచేది 'సిస్టమన్న' అనే. ఇట్లాంటివాడు కోవెలకుంట్లలో ఒకడు, బనగానపల్లెలో ఇంకొకడు కనిపిస్తాడు. మండలానికొకణ్ణి ప్రభుత్వమే వేసిందేమో అనిపిస్తుంది. చేతిలో స్టార్ స్క్రూడ్రైవరు, జేబులో బడిపిల్లల రబ్బరు, సంచిలో స్టీలు టిఫిన్ డబ్బా. డబ్బాలో చిత్రాన్నం ఉండదు, ర్యాములుంటాయి. హైనిక్స్, శాంసంగ్, కింగ్‌స్టన్, స్టిక్కరు ఊడిపోయి ఎవరివో దేవుడికే తెలిసినవి.

"కొత్తది తెప్పించు" అనే మాట ఆయన నోట రాదు. "కొత్తదేంటికప్పా? దీనికి జోడీ నా కాడ ఉండాది" అంటాడు. క్యాబినెట్ విప్పి, లోపలి దుమ్ము చూసి, ఇంటాయన వైపు ఒక చూపు చూస్తాడు. ర్యామ్ ఊడదీసి, అంచున ఉన్న బంగారు పూత పిన్నులను రబ్బరుతో రుద్దుతాడు. చాలాసార్లు ఆ రుద్దుడుకే సిస్టం లేచి కూర్చుంటుంది. తర్వాత ఉఫ్ అని ఊదుతాడు. ఆ ఊదుడు మాత్రం తప్పు, ఉమ్మి తడి పడుతుంది. చెప్పినా వినడు.

"పాతది 1333, నువ్వు పెట్టేది 1600. రెండూ కుదురుతాయా?" అని ఎరువుల అంగడాయన అడిగాడు.

"ఒకే కాడికి కట్టిన ఎద్దులనుకో అన్నా. ఉషారుది గూడా మొద్దుదాని అడుగులోనే నడుస్తాది."

ఇంతకంటే బాగా ఏ ఇంజనీరింగ్ కాలేజీలో చెబుతారు? ప్రతి ర్యామ్ మీదా ఎస్‌పీడీ అనే చిన్న చిప్పులో దాని వేగం, టైమింగులు రాసి ఉంటాయి. ఆన్ చేయగానే బయాస్ ఆ రాతలు చదివి, రెండూ తట్టుకోగల వేగాన్ని ఖాయం చేస్తుంది. కంపెనీలు వేరైనా మామూలుగా పేచీ రాదు. 4 జీబీ పక్కన 2 జీబీ పెట్టినా చాలా ఇంటెల్ బోర్డులు రెండింటి నుంచీ రెండేసి జీబీలు తీసి డ్యూయల్ ఛానల్‌లో నడిపిస్తాయి, మిగిలిన 2 జీబీని విడిగా వాడుకుంటాయి.

తీరా 6 జీబీ పెట్టాక తెర మీద 3.25 జీబీయే వాడకానికి ఉందని కనిపిస్తే? "మిగిలింది రిజర్వులో ఉంటాదన్నా, కష్టకాలానికి." అక్కడున్నది 32 బిట్ విండోస్ 7, అది 4 జీబీ దాటి చూడలేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. విండోస్ మళ్ళీ ఎక్కించడమంటే పూట పని, టీకి గిట్టదు. మర్నాడు నీలం తెర వస్తే తప్పు కరెంటుది. మెమ్‌టెస్ట్86 పెట్టి రాత్రంతా వదిలేస్తే నిజం తేలుతుంది. అందుకే పెట్టడు.

ఆయన నోట "కుదరదు" అన్నమాట విన్నది ఒక్కచోటే. డీడీఆర్2, డీడీఆర్3 రెండింటికీ పిన్నులు 240, గాడి మాత్రం వేరే చోట ఉంటుంది. "ఆకురాయి తెస్తా, రవ్వంత అరగదీస్తే ఎక్కదా?" అన్నాడు ఒక పెద్దాయన. సిస్టమన్న ముఖం మాడిపోయింది. "అది 1.8 వోల్టులది, ఇది 1.5ది. కాలిపోతాది పెద్దాయనా!"

కూలి ఒక టీ, ఊడదీసిన పాత ర్యామ్. ఆ పాతదే పై వారం ఇంకొకరికి జోడీ. ఎరువుల అంగడిలో ఇప్పుడున్నది మొన్నటిదాకా జిరాక్సు అంగడిది, జిరాక్సు అంగడిది అంతకుముందు టీచరమ్మది. ఊళ్ళో ఒక సిస్టం వేగం పుంజుకుందంటే ఇంకేదో మెల్లగైందన్నమాట. నంద్యాల–యర్రగుంట్ల లైను మీద 2016 నుంచీ రైలుంది. ఎక్కితే నంద్యాలలో కొత్త ర్యామే కొనుక్కోవచ్చు. ఎక్కేవాళ్ళేరీ?

ఇప్పుడు ఎక్కినా లాభం తక్కువ. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులను గంపగుత్తగా ఎత్తుకుపోవడంతో ధరలు మండిపోయాయి. ఆ డిసెంబరులో మైక్రాన్ కంపెనీ, మామూలు జనానికి అమ్మే క్రూషియల్ బ్రాండునే వదులుకుంటున్నట్టు ప్రకటించింది. ఆ వార్త విన్ననాటి నుంచీ సిస్టమన్న డబ్బాకు తాళం పడింది.

ఆయన మీ ఇంటికొస్తే టీ ఇవ్వండి, రబ్బరు అరిగిపోతే అదీ ఇవ్వండి. క్యాబినెట్ విప్పగానే మాత్రం, ఆయన చెయ్యి పెట్టకముందే, లోపలి ర్యామ్ స్టిక్కరును ఫోన్లో ఒక ఫోటో తీసి పెట్టుకోండి.